నేనున్న ఒకే ఒక్క ఫొటో

నా హార్డ్ డిస్క్‌లో ‘పండగలు’ అని ఒక ఫోల్డర్ ఉంది. ఐదేళ్లలో తీసిన ఇరవై రెండు వేల ఫొటోలు అందులో ఉన్నాయి. వాటిలో నేనున్నది ఒక్కటే. అదీ సరిగ్గా లేదు. ఫ్రేము ఓ పక్కకి ఒరిగిపోయింది, నా తల పైభాగం తెగిపోయింది, ఫోకస్ నా మీద కాకుండా వెనకాల చెట్టు మీద కుదిరింది. నేనే తీసుంటే మొదటి వడపోతలోనే డిలీట్ కొట్టేవాణ్ని.

ఈ సంగతి బయటపడింది అమ్మ వల్ల. నా వాట్సాప్ స్టేటస్ ఒక్కటీ వదలకుండా చూస్తుంది. మొన్న ఫోన్‌లో అడిగింది, “ఏరా, అందరి పండగలూ పెడతావు, నువ్వేటి ఒక్కదాంట్లోనూ కనపడవు?” అని.

“తీసేవాణ్ని నేనే కదమ్మా.”

“అయితే తీసేవోడికి పండగ లేదేటి?”

నవ్వుతూనే అంది. కానీ ఆ రాత్రి పదకొండింటికి కూర్చుని ఫోల్డర్ మొత్తం తిరగేశాను. అప్పుడు దొరికింది ఆ తల తెగిన ఫొటో.

మాది భీమిలి. ఉండేది నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో. సోమవారం నుంచి శుక్రవారం దాకా కోడ్ రాస్తాను, శని ఆదివారాలు కెమెరా పట్టుకుని తిరుగుతాను. ఈ సెప్టెంబరుతో ఇక్కడికొచ్చి ఐదేళ్లు నిండుతాయి. ఐదేళ్లు నిండి, డచ్ భాష పరీక్షలు పాసైతే ఇక్కడి పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. పరీక్షలు పాసయ్యాను. ఫారం టేబుల్ సొరుగులో ఉంది. మన దేశం ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు కాబట్టి అది వస్తే ఇది పోతుంది. ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేసి, ఆ సర్టిఫికెట్టు తీసుకుని, తర్వాత ఓసీఐ కార్డుకి అప్లై చేసుకోవాలి. మన ఊరికి మనమే విదేశీయులుగా వెళ్లే కార్డు అన్నమాట.

పీఆర్ తీసుకుంటే సరిపోదా అని మీరు అడగొచ్చు. బతకడానికి సరిపోతుంది. నా గొడవ ఓటుతో. 2024 మే 13న ఆంధ్రలో ఎన్నికలు. ఎన్ఆర్ఐగా పేరు నమోదు చేసుకున్నా, ఓటు వెయ్యాలంటే స్వయంగా అక్కడికి వెళ్లాల్సిందే. నా రూమ్మేటు టికెట్టు కొనుక్కుని వెళ్లాడు, వేలి మీద సిరాతో తిరిగొచ్చాడు. నాకు ఆ వారం రిలీజ్. ఇక్కడేమో పార్లమెంటు ఎన్నికల్లో పౌరులకే ఓటు. మొత్తానికి ఐదేళ్లుగా నేను ఎక్కడా, ఎవరికీ ఓటు వెయ్యలేదు. పన్ను మాత్రం ప్రతినెలా కడుతున్నా.

సరే, ఫొటోల దగ్గరికొద్దాం.

ముందు సులువైన పండగ చెబుతా. ఏప్రిల్ 27, రాజుగారి పుట్టినరోజు. విలెం అలెగ్జాండర్ 2013లో గద్దెనెక్కాడు. మరుసటి ఏడాది నుంచి పండగ ఈ తేదీకి మారింది. అంతకుముందు ఏప్రిల్ 30న ‘రాణి దినం’ ఉండేది. తమాషా ఏంటంటే అది అప్పటి రాణి బియాట్రిక్స్ పుట్టినరోజు కాదు, ఆవిడ తల్లి యూలియానాది. బియాట్రిక్స్ పుట్టింది జనవరి 31న. ఇక్కడి జనవరి చలిలో వీధి పండగంటే జనం ముక్కులు ఊడి కిందపడతాయి. తల్లి మీద గౌరవం కొంత, వాతావరణం మీద భయం కొంత కలిసి పాత తేదీనే ఉంచేశారు.

రాజవంశం పేరు ఆరెంజ్. అందుకని ఆ రోజు దేశమంతా నారింజ రంగే. టోపీలు, మీసాలు, కుక్కల మెడలో రిబ్బన్లు, ఆఖరికి రోజూ గులాబీ రంగులో ఉండే టొంపూస్ అనే కేకు కూడా ఆ రోజు నారింజ పూత పూసుకుంటుంది. ఇంకో ముచ్చట ఏంటంటే, ఆ రోజు ఎవరైనా ఇంట్లో పాత సామాన్లు తెచ్చి రోడ్డు పక్కన దుప్పటి పరిచి అమ్ముకోవచ్చు, లైసెన్సు అక్కర్లేదు. పిల్లలు తమ బొమ్మలు తామే బేరం పెడతారు. ఓ ఎనిమిదేళ్ల పిల్ల వచ్చీరాని వయొలిన్ వాయిస్తుంటే ముందు పెట్టిన డబ్బా నిండిపోతుంది.

కెమెరాకి ఒక బలహీనత ఉంది. ఫ్రేము నిండా ఒకటే రంగు కనిపిస్తే, అది ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని సర్దేస్తుంది. నారింజ మరీ ఎక్కువైతే తనంతట తనే నీలం కలిపేస్తుంది. మొదటి ఏడాది నేను తీసినవన్నీ జ్వరం వచ్చి లేచిన మొహాల్లా వచ్చాయి. తర్వాతి ఏడాది నుంచి ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేసి డేలైట్‌లో పెట్టాను, ఎరుపు కాలిపోకుండా ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించాను. నిజానికి ఈ కిటుకు ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవంలోనే నేర్చుకున్నా. అక్కడ పసుపుతో ఇదే తంటా. దసరా తర్వాతి మంగళవారం, ఆకాశంలోకి లేచిన సిరిమాను, దాని కొసన కూర్చున్న పూజారి, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగే ఊరేగింపు. ఆ జనంలో ఫొటో తీసేవాడు విడిగా ఉండటం కుదరదు. ఎవరి మోచెయ్యో డొక్కలో తగులుతుంది, ఎవరో విసిరిన అరటిపండు లెన్స్ మీద పడుతుంది. ఆ రోజు తీసినవాటిలో సగం బ్లరే. అయినా ఆ ఫొటోల్లో నేను లేనని ఎప్పుడూ అనిపించలేదు.

కింగ్స్ డేకి మూడో ఏడాది నేనూ ఓ దుప్పటి పరిచాను. ఇన్‌స్టాక్స్ కెమెరాతో ఫొటో తీసి అక్కడికక్కడే ఇస్తా, రెండు యూరోలు అని అట్టముక్క మీద రాసిపెట్టా. గంటలో ఫిల్ము ఖాళీ. పక్క దుప్పటి మీద కప్పులూ సాసర్లూ అమ్ముతున్న ఆవిడ నా నీలం చొక్కా చూసి తల అడ్డంగా ఊపి, మిగిలిపోయిన ఒక నారింజ టోపీ నా నెత్తిన పెట్టేసింది. డబ్బులు తీసుకోలేదు. సాయంత్రం దాకా ఆ టోపీతోనే ఉన్నా. నువ్వెవరు, ఏ వీసా మీద వచ్చావు అని ఎవరూ అడగలేదు. రాజు మీద నాకేమైనా అభిమానం ఉందా అంటే, లేదు. అది కూడా ఎవరూ అడగలేదు.

సరిగ్గా వారానికి మే 4 వస్తుంది. అది వేరే కథ.

రెండో ప్రపంచ యుద్ధంలోనూ, ఆ తర్వాతి యుద్ధాల్లో, శాంతిసేనల్లోనూ చనిపోయినవాళ్లని తలుచుకునే రోజు. జెండాలు సగానికి దింపుతారు. రాత్రి ఎనిమిదింటికి దేశమంతా రెండు నిమిషాలు మౌనం. ట్రామ్‌లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని డామ్ స్క్వేర్‌లో రాజు, రాణి స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం పెడతారు. 2010లో ఆ మౌనం మధ్యలో ఒకడు గట్టిగా కేక వేస్తే తొక్కిసలాట జరిగి చాలామంది గాయపడ్డారు. అంత నిశ్శబ్దంలో ఒక్క కేక ఎంత పని చేస్తుందో అక్కడ నిలబడితే తప్ప అర్థం కాదు.

నేను వెళ్లింది రెండేళ్ల కిందట. బూర ఊదడం ఆగింది. వేలమంది ఉన్న చోట సముద్రపు పిట్టల అరుపులు తప్ప ఏమీ వినపడలేదు. నా ముందు ఓ ముసలాయన టోపీ తీసి గుండెకి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. పక్కనుంచి వెలుగు, వెనక మసకగా జనం. అలాంటి ఫ్రేము ఏడాదికి ఒకటి దొరికితే గొప్ప. నా కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంది, చప్పుడే రాదు. నొక్కినా ఎవరికీ తెలియదు.

నొక్కలేదు. మంచితనం అనుకోకండి. నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఆ రెండు నిమిషాల్లో నేను ఎవరిని తలుచుకోవాలో నాకు తెలియలేదు. చుట్టూ అందరికీ ఎవరో ఒకరున్నారు, లేదా ఉన్నట్టు నిలబడ్డారు. నా బుర్రలోకి మాత్రం బుధవారం డెమోకి ఇవ్వాల్సిన ఏపీఐ వచ్చింది. నిజంగానే వచ్చింది. ఇలాంటివాణ్ని ఆ ముసలాయన కళ్లు మూసుకున్న మొహాన్ని ఎలా పట్టుకెళ్తాను?

మర్నాడు మే 5, విమోచన దినం. 1945లో జర్మన్ల నుంచి బయటపడ్డ రోజు. ఊరూరా పాటల కచేరీలు, బీర్లు, డ్యాన్సులు. వాటికి మళ్లీ హాయిగా వెళ్లి ఆరు వందల ఫొటోలు తీశా. అప్పుడే నాకు తేడా తెలిసింది. గంతులేసే రోజున ఎవరైనా దూరిపోవచ్చు. ఏడ్చే రోజున మాత్రం నువ్వు ఎవరి తరఫున వచ్చావన్న ప్రశ్న ఉంటుంది. ఎవరూ అడగకపోయినా ఉంటుంది.

హేగ్‌లో హోలీ కూడా జరుగుతుంది, తెలుసా? మేం ఐటీవాళ్లం మొదలుపెట్టింది కాదు. సూరినామ్ హిందుస్తానీలది. 1873లో కలకత్తా నుంచి ‘లల్లా రూక్’ అనే ఓడలో సుమారు 400 మంది కూలీల్ని దక్షిణ అమెరికాలోని డచ్ వలస సూరినామ్‌కి చెరకు తోటల పనికి తీసుకెళ్లారు. 1916 దాకా అలా వెళ్లినవాళ్లు 34 వేలకి పైనే. 1975లో సూరినామ్‌కి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు వాళ్ల మనవలు, మునిమనవలు చాలామంది ఇక్కడికి వచ్చేశారు. హోలీని ‘ఫగ్వా’ అంటారు. హోబ్బెమాప్లైన్‌లో గాంధీ విగ్రహం కూడా ఉంది. అక్కడే ఓ పెద్దావిడ నా బుగ్గలకి రంగు పూసి, “ఇండియాలో కూడా హోలీ ఆడతారా?” అని అడిగింది. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది. ఆవిడ ఇండియా చూడలేదు. మా భీమిలిలో హోలీ పెద్దగా ఆడరని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఇక కిందటేడు ఆగస్టు 15.

మా నాన్న జెడ్పీ హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆగస్టు 15 అంటే మా ఇంట్లో పెళ్లి హడావుడే. పద్నాలుగు రాత్రి జెండాని మడతపెట్టి, మధ్యలో బంతిపూల రేకులు పోసి, ముడి వేసి, మళ్లీ అనుమానమొచ్చి విప్పి చూసేవాడు. పొద్దున్న తాడు లాగగానే జెండా తలకిందులుగా విచ్చుకుంటే ఊళ్లో పరువు పోతుందని ఆయన భయం. ఆయన సర్వీసు మొత్తంలో అలా ఎప్పుడూ జరగలేదు. అయినా ఆ భయం పోలేదు.

ఇక్కడ ఎంబసీ వాళ్లు జెండా వందనం జరుపుతారు. ప్రతి ఏడూ వెళ్తాను. రాయబారి జెండా ఎగరేసి, రాష్ట్రపతి సందేశం చదువుతారు. ‘జనగణమన’ వచ్చేసరికి పిల్లలు అటెన్షన్‌లో నిలబడతారు, తల్లిదండ్రులు ఒక చేత్తో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తుంటారు. నేనూ తీశాను. జేబుకి పెట్టుకొమ్మని ఎవరో చిన్న జెండా బ్యాడ్జి ఇచ్చారు. పాస్‌పోర్టు సరెండర్ చేస్తే సర్టిఫికెట్టు ఇచ్చేది కూడా ఇదే ఎంబసీ కదా అని పాట మధ్యలో గుర్తొచ్చింది. పాట అయిపోయింది. టీ తాగాను.

అదే రోజు అదే ఊళ్లో ఇంకో కార్యక్రమం ఉంటుందని అంతవరకు నాకు తెలియదు. ఆఫీసులో ఒకతను చెబితే విని, కెమెరా ఉంది కదా అని ట్రామ్ ఎక్కాను. దారిలో బ్యాడ్జి ఊడి కిందపడితే తీసి మళ్లీ గుచ్చుకున్నా.

ఊరి అంచున చెట్ల మధ్య ‘ఇండిష్ మాన్యుమెంట్’ అని ఉంది. 1988 ఆగస్టు 15న బియాట్రిక్స్ రాణి ఆవిష్కరించారు. కంచు మనుషులు, బక్కచిక్కి, ఒకరినొకరు ఆనుకుని నిలబడి ఉంటారు. ‘ఇండిష్’ అంటే మన ఇండియా కాదు, డచ్చివాళ్లు ఏలిన ఇండోనేషియా. 1942లో జపాన్ దాన్ని ఆక్రమించి డచ్ ఆడవాళ్లనీ, పిల్లల్నీ, మగవాళ్లనీ విడివిడి క్యాంపుల్లో పడేసింది. సుమారు లక్షమంది పౌరులు. సైనికుల్ని బర్మా, సయాం రైలు మార్గం పనిలోకి పంపింది. ఆ రైలు మార్గం పనిలోనే మలయా రబ్బరు తోటల నుంచి తీసుకెళ్లిన భారతీయ కూలీలు, ఎక్కువగా తమిళులు, వేలల్లో చనిపోయారు. ఇండోనేషియన్లనీ వెట్టిచాకిరిలో వేలకు వేలు చంపారు. 1945 ఆగస్టు 15న జపాన్ లొంగిపోయింది. నెదర్లాండ్స్‌లో జనం మే 5నే డ్యాన్సులు వేస్తుంటే, వీళ్ల యుద్ధం ముగిసింది ఆగస్టులో.

ఆ తర్వాతి భాగం కూడా చెప్పాలి. రెండు రోజులకే, ఆగస్టు 17న, సుకర్ణో స్వాతంత్ర్యం ప్రకటించాడు. తమ విమోచనకి కచేరీలు పెట్టుకున్న దేశం ఆ వలసని వదులుకోడానికి ఒప్పుకోలేదు. నాలుగేళ్లు యుద్ధం చేసి 1949 డిసెంబరులో గానీ అధికారం అప్పగించలేదు. 2020లో ఈ రాజుగారు ఇండోనేషియా వెళ్లి ఆనాటి మితిమీరిన హింసకి క్షమాపణ చెప్పారు. నాకు ఇచ్చిన పౌరసత్వం పుస్తకంలో మే 5 గురించి చదివింది బాగా గుర్తుంది. ఇది చదివినట్టు గుర్తులేదు. నేనే పేజీ దాటేశానేమో.

అక్కడ చాలామంది కోటుకి చిన్న తెల్లపువ్వు గుర్తు పెట్టుకున్నారు. దాన్ని మెలాతి అంటారని ఒకావిడ చెప్పింది. దగ్గరగా చూస్తే మల్లెపువ్వు! మన మల్లే. ఆవిడకి ఎనభై దాటుంటాయి. కర్ర పట్టుకుని కూర్చుంది. నా జేబు మీది బ్యాడ్జి చూసి ఏ దేశమని అడిగింది.

ఇండియా, ఇవాళ మా స్వాతంత్ర్య దినం అన్నాను. ఏ ఊరంటే, నాకొచ్చిన డచ్చిలో భీమిలి గురించి చెప్పాను. మీవాళ్లకి అక్కడ రేవు ఉండేదని, మీవాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయని, చిన్నప్పుడు వాటి మధ్య క్రికెట్ ఆడి తిట్లు తిన్నానని. ఆవిడ బాగా నవ్వింది. “మావాళ్లు వెళ్లని చోటేది?” అంది.

తర్వాత తన సంగతి చెప్పింది. పుట్టింది జావాలో. తండ్రి డచ్, తల్లి సగం జావా మనిషి. యుద్ధమప్పుడు తల్లితో పాటు క్యాంపులో ఉంది, తనకేమీ గుర్తులేదు. 1950ల్లో ఓడెక్కి ఇక్కడికి వచ్చేశారు.

“పుట్టినప్పటి నుంచీ నాది డచ్ పాస్‌పోర్టే. దేశాన్ని మాత్రం ఓడ దిగాకే చూశాను. ఇక్కడి పిల్లలు ‘డచ్ ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావ్’ అని అడిగేవాళ్లు.”

ఏమనాలో తెలియక, నేను ఈ పాస్‌పోర్టుకే అప్లై చేద్దామా వద్దా అని ఆలోచిస్తున్నానని చెప్పేశాను. ఎవరికీ చెప్పని మాట, ముక్కూమొహం తెలియని ఆవిడకి. ఏదైనా సలహా చెబుతుందేమో అనుకున్నా. “ఫీజు ఎంత?” అని అడిగింది. చెప్పాను. “అబ్బో” అంది.

మౌనం అయ్యాక అందరూ వరసగా వెళ్లి పువ్వులు పెట్టారు. ఆవిడ తల్లి ఫొటో ఒళ్లో పెట్టుకుని, తీయమంది. ఆరు తీశాను, ఒకటి బాగా వచ్చింది, పోస్టులో పంపాను. అప్పుడు ఆవిడ చెయ్యి చాపి, “నువ్వు కూడా నిలబడు, మీ అమ్మకి పంపుదువుగాని” అంది. కెమెరా బరువుకి ఆవిడ చేతులు వణికాయి. ఎక్కడ నొక్కాలో చూపించి, వెళ్లి కంచు మనుషుల ముందు నిలబడ్డాను.

అదే ఆ ఫొటో.

నాన్నకి పౌరసత్వం మాట చెప్పి మూడు నెలలైంది. “నీ ఇష్టం నాన్నా” అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

మొన్న రాత్రి ఫోల్డర్‌లో దొరకగానే ఆ ఫొటోని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. తెల్లారేసరికి అమ్మ వాయిస్ మెసేజ్. “ఎవర్రా తీసింది, బుర్ర కోసేసింది! వెనకాల ఆ బొమ్మలు ఏ గుడివి?” దానికి జవాబు టైప్ చేస్తూ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చెరిపేస్తూ ఉన్నాను. ఇంతలో నాన్న నుంచి మెసేజ్ వచ్చింది. మూడే ముక్కలు.

“కాషాయం పైన ఉండాలి.”

జూమ్ చేసి చూశాను. జేబు మీద బ్యాడ్జిలో ఆకుపచ్చ పైనుంది.